మాత్ర మానేసే రోజు ఏ రోజు?

హెచ్‌ఐవీ ఉన్నవారు ఆ వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు ఎందుకు మానేస్తారని అడిగితే మతిమరుపు, నిర్లక్ష్యం అనే జవాబులే ఎక్కువగా వినిపిస్తాయి. అమెరికాలోని అట్లాంటాలో ఈ ప్రశ్న మీదే ఏళ్ల తరబడి పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త సేథ్ కాలిచ్‌మన్ బృందానికి మరో కారణం కనిపించింది. మద్యం అలవాటున్న చాలామంది తాగిన రోజున మాత్రను మరిచిపోవడం లేదు. తెలిసే, కావాలనే మానేస్తున్నారు. మద్యం, మాత్ర ఒంట్లో కలిస్తే విషమవుతుందని వారి భయం. ఒళ్లు కాపాడుకోవాలన్న జాగ్రత్తే వారిచేత మాత్ర మాన్పిస్తోంది.

ఆ భయానికి ఆధారం లేదు. మన ఏఆర్‌టీ సెంటర్లలో ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న మాత్రలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డొలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల చొప్పున ఉంటాయి. రోజుకు ఒక్కటే. మద్యంతో కలిసి ఇవి విషంగా మారవు. మద్యం కాలేయాన్ని చెడగొడుతుంది, మానగలిగితే మానడమే మేలు. కానీ తాగిన రాత్రి కూడా మాత్ర వేసుకోవాల్సిందే. ఈ మాటను సూటిగా చెప్పడానికి వైద్యులు, కౌన్సెలర్లు తరచూ జంకుతారు, తాగడానికి అనుమతి ఇచ్చినట్లు అవుతుందేమోనని. ఆ మొహమాటం వల్ల జరిగే నష్టం చాలా పెద్దదని నా అభిప్రాయం.

నిజంగా ఈ మాత్రతో పేచీ ఉన్నవి వేరే ఉన్నాయి. గ్యాస్ కోసం తాగే యాంటాసిడ్లు డొలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతో, లేదా ఆరు గంటల ముందో వాటిని తీసుకోవాలి. పరగడుపున ఐరన్, కాల్షియం మాత్రలు కలిపి వేసుకున్నా ఇదే ఇబ్బంది. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నవారికి డొలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు అవసరమవుతుంది. భయపడాల్సిన చోట ఎవరూ భయపడటం లేదు, అక్కర్లేని చోట భయం పాతుకుపోయింది.

కొన్ని రోజులు మానేస్తే ఏమవుతుంది? చికిత్స లేని ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్ కణాలు పుడతాయని 1990లలో లెక్కగట్టారు. హెచ్‌ఐవీ తన జన్యు సమాచారాన్ని నకలు చేసుకునేటప్పుడు తప్పులు ఎక్కువ చేస్తుంది, చేసిన తప్పును దిద్దుకోలేదు. వైరస్ ఇంత వేగంగా పెరుగుతున్నప్పుడు, ఏదో ఒక ఔషధాన్ని తట్టుకోగల కణం దాదాపు ప్రతిరోజూ యాదృచ్ఛికంగా పుడుతుంది. మూడు ఔషధాలూ రక్తంలో తగినంతగా ఉంటే అది బతకదు. మాత్ర తరచూ ఆగితే అవి ఒకే వేగంతో తగ్గవు. ఒకటి ముందు వెళ్లిపోతుంది, మరొకటి వెనక మిగులుతుంది. పాత చికిత్సలోని ఎఫావిరెంజ్ అలా రోజుల తరబడి ఒంటరిగా మిగిలిపోయేది, తనను తట్టుకునే వైరస్‌కు దారి వదిలేది. డొలుటెగ్రావిర్ అంత తేలిగ్గా లొంగదు. ఒక రోజు తప్పితే కొంప మునగదు. వారం వారం తప్పడమే ప్రమాదం.

పూర్తిగా ఆపేస్తే ఎక్కువమందిలో రెండు మూడు వారాల్లోనే వైరస్ మళ్లీ లేస్తుంది, ఎందుకంటే నిద్రపోతున్న సీడీ4 అనే రోగనిరోధక కణాల్లో అది ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. మధ్యమధ్యలో విరామం ఇస్తే దుష్ప్రభావాలు తగ్గుతాయేమోనని ఒకప్పుడు వైద్యులే ఆశపడ్డారు. ఐదు వేల మందికి పైగా పాల్గొన్న స్మార్ట్ అధ్యయనం 2006లో ఆ ఆశను ముగించింది. విరామం తీసుకున్నవారిలో జబ్బులు, మరణాలు పెరిగాయి.

తాగిన రాత్రులే కండోమ్ మరిచిపోయే రాత్రులు కూడా కావచ్చు. భాగస్వామిని కాపాడే రెండు రక్షణలూ ఒకే మనిషిలో, ఒకే సందర్భాల్లో సడలుతున్నాయన్నమాట. వీటిలో మాత్ర ఎంత బలమైనదో పార్ట్‌నర్ అధ్యయనాలు 2016లోనూ 2019లోనూ తేల్చాయి. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, ఇంకొకరికి లేని జంటలను ఏళ్లపాటు గమనించారు. వైరల్ లోడ్, అంటే మిల్లీలీటరు రక్తంలో వైరస్ లెక్క, 200 కంటే తక్కువ ఉన్నవారి నుంచి, కండోమ్ లేకపోయినా, భాగస్వామికి వైరస్ సోకిన సంఘటన ఒక్కటి కూడా లేదు. ఒక్క రాత్రి తప్పిన మాత్ర ఈ రక్షణను చెరిపేయదు. కానీ ప్రతి శనివారం మొదలై రోజుల తరబడి సాగే విరామం చెరిపేయగలదు. సిఫిలిస్, గనేరియా వంటి వాటి నుంచి మాత్రం మాత్ర కాపాడదు, అక్కడ కండోమే దిక్కు.

చికిత్స దొరికితే జనం విచ్చలవిడి అవుతారనే వాదన కూడా చాలాకాలం నడిచింది. అప్పటికి అందుబాటులో ఉన్న అధ్యయనాలను కలిపి 2004లో నికోల్ క్రెపాజ్ బృందం పరిశీలిస్తే, చికిత్స తీసుకుంటున్నవారిలో రక్షణ లేని లైంగిక సంబంధాలు పెరిగినట్లు కనిపించలేదు. అదే ఏడాది ఏప్రిల్ 1న మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ మొదలైంది. తొలి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. నేడు దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్న దాదాపు 25 లక్షల మందిలో సుమారు 3 లక్షల మంది ఆ రాష్ట్రంలోనే ఉన్నారు.

వీరిలో చాలామందికి మద్యంతో సంబంధమే లేదు, దాపరికమే అడ్డు. ఇంటికి చుట్టాలొచ్చిన వారం, పుట్టింటికి వెళ్లిన పండగ, నలుగురు కూలీలతో ఒకే గదిలో గడిపే నెల, ఇవన్నీ మాత్ర తప్పే రోజులు. సీసా చప్పుడు వినపడకూడదని, పేరు కనపడకూడదని మాత్రలను కాగితంలో కట్టి దాచుకుంటారు. వాటిని తేమ తగలకుండా అసలు సీసాలోనే ఉంచాలి.

సెంటర్‌కు వచ్చినప్పుడు మిగిలిన మాత్రలు లెక్కపెడతారు. ముప్పైలో రెండు మిగిలితే 93 శాతం వేసుకున్నట్లు లెక్క. 95 శాతం తప్పనిసరి అన్న పేరుపొందిన గీత 2000లో పాత మందులపై జరిగిన ఓ చిన్న అధ్యయనం నుంచి వచ్చింది. నేటి మాత్రలు ఇంతకంటే ఓర్పు చూపిస్తాయి. కానీ తిట్లు తినాల్సి వస్తుందని తెలిసినవారు మిగిలిన మాత్రలను ముందురోజే పారేసి, ఖాళీ సీసాతో వస్తారు. అప్పుడు కాగితం మీద నూరు శాతం కనిపిస్తుంది. వైరల్ లోడ్ పరీక్ష స్థిరంగా ఉన్నవారికి ఏడాదికి ఒకసారే కాబట్టి, నిజం బయటపడేసరికి చాలా నెలలు గడిచిపోతాయి. ‘మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?’ అన్న ప్రశ్నకు అందరూ అవుననే అంటారు. ‘పోయిన నెలలో ఏ రోజుల్లో కుదరలేదు, ఆ రోజు ఎక్కడ ఉన్నారు?’ అని అడిగితేనే శనివారాలూ చుట్టాలూ ప్రయాణాలూ బయటికి వస్తాయి.

బయటికి వస్తే వాటికి దారులున్నాయి. మాత్ర తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. తర్వాతిదానికి నాలుగు గంటల కంటే తక్కువ సమయం ఉంటే తప్పిన మాత్రను వదిలేయాలి, రెండూ కలిపి వేసుకోకూడదు. రాత్రి తాగే అలవాటున్నవారు మాత్రను ఉదయానికి మార్చుకోవచ్చు, ఈ మందుకు ఏ పూటైనా ఒకటే. పనుల కోసం చెన్నైకో బెంగళూరుకో వెళ్లినవారు మాత్రలు అయిపోతే ఊరికి తిరిగొచ్చే దాకా ఆగనక్కర్లేదు. ఏఆర్‌టీ పుస్తకం చూపించి, అక్కడి సెంటర్‌లోనే తీసుకోవచ్చు.