చెట్లున్న ఏటవాలు నేలకు మినీ ట్రాక్టర్: అపోహలు - వాస్తవాలు

ఏటవాలు నేల, మధ్యమధ్యలో చెట్లు. అలాంటి చోటికి మినీ ట్రాక్టర్ కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఇది మెరక ఎక్కుతుందా?" ఇప్పుడు వస్తున్న బండ్లలో చాలావరకు ఎక్కుతాయి. అడగాల్సింది, దిగేటప్పుడు పట్టు నిలుస్తుందా, వాలుకు అడ్డంగా పోతే ఒరగకుండా ఉంటుందా అని. ఇలాంటి నేలల్లో ట్రాక్టర్ నడపడం, వాటికి పనిముట్లు బిగించడం నా పని. మెరక ఎక్కలేని బండి మహా అయితే పని ఆపుతుంది. దిగలేని బండి మనిషిని తీసుకుపోతుంది. కొనేముందు తరచుగా వినిపించే మాటల్లో ఏది నిజం, ఏది కాదో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: హార్స్‌పవర్ ఎక్కువైతే వాలు మీద భయం ఉండదు

ఇంజన్‌లో ఎంత బలమున్నా అది నేలకు చేరేది టైరు పట్టు ద్వారానే. ఆ పట్టు వచ్చేది చక్రం మీద పడే బరువు వల్ల, టైరు గాళ్ల వల్ల. ఎండుటాకులు పరుచుకున్న నేల మీద బరువు చాలని బండికి ఇంకో 10 హార్స్‌పవర్ ఇచ్చినా చక్రం మరింత జోరుగా ఉన్నచోటే తిరుగుతుంది, అంతే. హార్స్‌పవర్ చూసుకోవాల్సింది పీటీఓతో (ఇంజన్ బలాన్ని పనిముట్టుకు అందించే తిరిగే షాఫ్టు) నడిచే పనిముట్ల కోసం: తుప్పలు కొట్టే రోటరీ కట్టర్, కొమ్మలు ముక్కలు చేసే చిప్పర్ లాంటివి. అక్కడ కూడా చూడాల్సింది పీటీఓ హార్స్‌పవర్. బండి మీద పెద్ద అక్షరాల్లో రాసేది మాత్రం ఇంజన్ హార్స్‌పవర్. పీటీఓ దగ్గరికి వచ్చేసరికి అది ఎప్పుడూ తగ్గుతుంది, హైడ్రోస్టాటిక్ బండ్లలో (మాటిమాటికీ గేరు మార్చే పని లేకుండా నూనె ఒత్తిడితో నడిచేవి) ఇంకాస్త తగ్గుతుంది.

అపోహ: నాలుగు చక్రాలు నేల మీద ఉన్నాయి కాబట్టి బండి నాలుగు మూలలా నిలబడుతుంది

ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మినీ ట్రాక్టర్ ముందు ఇరుసు బండికి గట్టిగా బిగించి ఉండదు. మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు చక్రాలూ నేలను తాకాలని అలా పెడతారు. కాబట్టి ఒరిగేటప్పుడు బండిని ఆపేవి మూడే చోట్లు: వెనక చక్రాలు రెండు, ముందు ఇరుసు మధ్యలోని ఆ పిన్ను. మూడు కాళ్ల పీట అనుకోండి. బండి బరువు కేంద్రం ఆ త్రికోణం దాటి బయటికి పోయిందంటే బోల్తానే. ముందు ఇరుసు స్టాపరుకు తగిలి ఆగేలోపే బండి ఒరిగే వేగం అందుకుంటుంది.

దీన్నిబట్టి కొనేవాళ్లు చూసుకోవాల్సినవి రెండు. ముందు చక్రాల వెడల్పు పెంచితే ఒరగకుండా ఉండటానికి పెద్దగా ఉపయోగం లేదు, వెనక చక్రాల వెడల్పే ముఖ్యం. బరువు ఎంత కిందికి ఉంటే అంత మంచిది.

అపోహ: మా నేల వాలు పెద్దగా లేదు, చూస్తేనే తెలుస్తుంది

కంటితో వాలు అంచనా కట్టకండి. ఒక మీటరు పొడవున్న తిన్నని కర్ర, ఒక స్పిరిట్ లెవెల్ చాలు. కర్ర ఒక కొన మెరక వైపు నేలకు ఆనించి, లెవెల్ చూసుకుంటూ కర్రను చదునుగా పట్టుకోండి. రెండో కొన నుంచి నేలకు ఎంత దూరముందో టేపుతో కొలవండి. 18 సెంటీమీటర్లుంటే వాలు సుమారు 10 డిగ్రీలు, 27 ఉంటే 15, 36 ఉంటే 20 డిగ్రీలు. వాలును శాతంలో చెప్పినప్పుడు డిగ్రీలనుకుని పొరబడేవాళ్లు చాలామంది. 27 శాతమంటే 15 డిగ్రీలే.

ఇప్పుడు అసలు లెక్క. వెనక చక్రాల మధ్య దూరం 1.2 మీటర్లున్న బండి 12 డిగ్రీల వాలుకు అడ్డంగా పోతోంది. మెరక వైపు చక్రం 10 సెంటీమీటర్ల ఎత్తున్న మోడు ఎక్కితే ఒరుగుదల దాదాపు 5 డిగ్రీలు పెరుగుతుంది. అదే క్షణంలో పల్లం వైపు చక్రం అంతే లోతున్న గుంతలో దిగితే మరో 5 డిగ్రీలు. 12 డిగ్రీల నేల మీద ఉన్న బండి 22 డిగ్రీలకు ఒరిగినట్టు. చక్రాల మధ్య దూరం ఒక మీటరే అయితే అవే మోడు, అదే గుంత కలిసి 11 డిగ్రీల పైన కలుపుతాయి. చెట్లున్న నేలలో మోళ్లు, వేళ్లు, గుంతలు ఆకుల కింద దాగి ఉంటాయి. అందుకే వాలుకు అడ్డంగా పోకుండా నిలువునా ఎక్కి నిలువునా దిగమని చెబుతాం.

ఏ బండి ఎంత వాలు మీద నడవాలో దాని మాన్యువల్‌లోనే చూడాలి. బయానా ఇవ్వకముందే ఆ పేజీ చూపించమని అడగండి.

అపోహ: చెట్ల మధ్య తిరగాలి కాబట్టి ఎంత సన్నగా ఉంటే అంత మంచిది

చదును నేలలో నిజమే. వాలులో సన్నబండి కొనడమంటే ఆ త్రికోణాన్ని చేజేతులా కుదించుకోవడమే. మీ నేలలో చెట్ల మధ్య ఉన్న అన్నిటికంటే ఇరుకైన సందు కొలవండి. అక్కడ పట్టేంత వెడల్పు బండి తీసుకోండి. ఒకటి రెండు సందులే అడ్డమైతే దారి మార్చుకోండి, లేదా ఆ ఒక్క చెట్టు తీసేయండి. రెండు చెట్ల కోసం బండినే సన్నగా కొనడం నాకు అస్సలు నచ్చని పని.

చాలా బండ్లలో వెనక రిమ్ములు తిప్పి బిగిస్తే చక్రాల మధ్య దూరం పెరుగుతుంది. కొన్నిటిలో ఆ వీలుండదు. కొనేటప్పుడే అడగాలి. తిప్పి బిగించేటప్పుడు టైరు గాళ్ల దిక్కు తారుమారు కాకుండా కుడి చక్రం ఎడమకు, ఎడమది కుడికి మార్చాలి. కొన్ని గంటలు నడిపాక నట్లు మళ్లీ బిగించాలి.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే బోల్తా పడదు

ఫోర్ వీల్ డ్రైవ్ వల్ల బరువు కేంద్రం ఒక్క అంగుళం కూడా కిందికి దిగదు. ఒరుగుడుకు దానితో సంబంధం లేదు. అయినా వాలు నేలకు ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి అంటాను, దానికి కారణం వేరు.

మినీ ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. పల్లం దిగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. ముందు బిగించే లోడర్ బకెట్ నిండా మట్టి ఉంటే మరీ. అప్పుడు టూ వీల్‌లో బ్రేకు తొక్కితే వెనక చక్రాలు బిగుసుకుని బండి జారుతుంది. ఫోర్ వీల్ వేసి ఉంటే ముందు చక్రాలు కూడా గేర్లతో కలిసి ఉంటాయి కాబట్టి ఇంజన్ పట్టు, బ్రేకు పట్టు వాటికీ అందుతాయి. ఎక్కడానికి ఫోర్ వీల్ వేసి, దిగేటప్పుడు తీసేసేవాళ్లున్నారు. డీజిల్ కలిసొస్తుందని వాళ్ల లెక్క. దయచేసి అలా చేయకండి.

కుడి ఎడమ బ్రేకు పెడల్స్ విడివిడిగా ఉన్న బండి అయితే వాలులో రెంటినీ కలిపి ఉంచే లాక్ వేసే నడపాలి. ఒక్క చక్రానికే బ్రేకు పడితే బండి అడ్డం తిరుగుతుంది.

అపోహ: వాలుకు గేరు బండే కావాలి, హైడ్రోస్టాటిక్ నిలబడదు

రెండూ నిలబడతాయి, వాడే తీరు తెలిస్తే. గేరు బండిలో దిగడం మొదలుపెట్టకముందే లో గేరు వేసుకోవాలి. సగం దిగాక క్లచ్ తొక్కినా, న్యూట్రల్ కొట్టినా ఇంజన్ పట్టు పోయి బండి ఒక్కసారిగా ఊపందుకుంటుంది. హైడ్రోస్టాటిక్‌లో లో రేంజ్‌లో (తక్కువ వేగంలో) ఉండి పెడల్ వదిలితే బండి దానంతటదే నెమ్మదిస్తుంది. చెట్ల మధ్య మాటిమాటికీ ముందుకూ వెనక్కీ కదిలే పనికి నా ఓటు దానికే. వాలు మధ్యలో రేంజ్ మీట మాత్రం కదపకూడదు. న్యూట్రల్‌కు వచ్చిందంటే ఇదీ అంతే, వదులుగా దొర్లుతుంది. బండి ఆపి సీటు దిగేటప్పుడు పార్కింగ్ బ్రేకు తప్పదు. హైడ్రోస్టాటిక్ దానంతటదే బండిని పట్టి ఉంచుతుందని నమ్మకండి.

అపోహ: టైర్లలో నీళ్లు నింపితే బేరింగులు పోతాయి, వాలులో ఇంకా ప్రమాదం

వెనక టైర్లలో నీళ్లు వాలుకు మేలే చేస్తాయి. ఆ బరువు బండి బరువు కేంద్రం కన్నా కింద ఉంటుంది, పైగా దాన్ని మోసేది టైరే, ఇరుసు కాదు. లీటరు నీళ్లంటే ఒక కిలో. వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి వాల్వు మట్టం దాకా నింపితే టైరులో సుమారు ముప్పావు వంతు నిండుతుంది. పైన గాలి ఉండి తీరాలి. గడ్డకట్టే చలి ఉన్నచోట ఉత్త నీళ్లు పనికిరావు. కాల్షియం క్లోరైడ్ అనే ఉప్పు కలిపితే అంత తొందరగా గడ్డకట్టవు, బరువూ పెరుగుతుంది కానీ, కారితే రిమ్ము తుప్పు పడుతుంది.

అపోహ: దుంగ లాగడానికి ఎక్కడ కట్టినా ఒకటే

40 సెంటీమీటర్ల మందం, 3 మీటర్ల పొడవున్న పచ్చి దుంగ సుమారు 350 కిలోలు తూగుతుంది. అది లాగుతుండగా ఏ మోడుకో తట్టుకుంటే వెనక చక్రాలు ఆగిపోతాయి, ఇంజన్ మాత్రం తిప్పుతూనే ఉంటుంది. చక్రం తిరగనప్పుడు బండే ఇరుసు చుట్టూ తిరుగుతుంది, అంటే ముందు భాగం లేస్తుంది. గొలుసు ఇరుసు కన్నా పైన, టాప్ లింక్ (వెనక పనిముట్టును పట్టి ఉంచే పై కడ్డీ) దగ్గరో సీటు వెనకో కట్టి ఉంటే లేవడం ఇంకా సులువు. ముప్పావు సెకను గడిచేసరికే ఇక ఆపలేని స్థితి వస్తుంది, ఒకటిన్నర సెకనులో బండి వెనక్కి తిరగబడుతుంది. క్లచ్ తొక్కాలన్న ఆలోచన వచ్చేలోపే అయిపోతుంది. గొలుసు ఎప్పుడూ ఇరుసు కన్నా కిందున్న డ్రాబార్‌కే (లాగడానికి బండి వెనక ఉండే ఇనుప పట్టీ) కట్టాలి. మీరు చూస్తున్న బండికి గట్టి డ్రాబార్ లేకపోతే, దుంగల పని ఉన్నవాళ్లు దాన్ని వదిలేయండి.

అపోహ: రోల్‌బార్ కొమ్మలకు తగులుతుంది, మడిచేస్తే సరి. పడబోతే దూకేస్తా

రోల్‌బార్ అంటే బండి బోల్తా పడినా మనిషి నలిగిపోకుండా సీటు దగ్గర నిలబెట్టే గట్టి కడ్డీ. దూకేవాళ్లు దూకేది బండి పడే వైపుకే. ఒరుగుతున్న సీటు మనిషిని అటే తోస్తుంది. రోల్‌బార్, సీటు బెల్టు రెండూ ఉంటేనే మనిషి ఆ కడ్డీ కాపాడే చోటులో ఉంటాడు. స్వీడన్‌లో 1959 నుంచే కొత్త ట్రాక్టర్లకు ఇలాంటి రక్షణ చట్రం తప్పనిసరి చేశారు.

మడిచిన రోల్‌బార్ ఉన్నా లేనట్టే. తప్పనిసరిగా మడవాల్సిన చోట బెల్టు పెట్టుకోకూడదు, పని అవగానే మళ్లీ నిలబెట్టాలి. అంతకన్నా అడ్డొచ్చే కొమ్మలు ముందే కొట్టేయడం మేలు. వెల్డింగ్ షాపులో పైపులతో చేయించింది రోల్‌బార్ కాదు. అసలుది ఎంత దెబ్బకు ఎంత వంగాలో పరీక్షించి తయారుచేస్తారు. దానికి కన్నాలు వేసినా, వెల్డింగ్ పెట్టినా బలం పోతుంది. ఎండకు వేసే టాపు కూడా పైనుంచి పడే కొమ్మను ఆపదు. ఎండు కొమ్మలున్న చెట్ల కింద పనైతే, పడే వస్తువులను తట్టుకునేలా పరీక్షించిన పైకప్పు ఆ మోడల్‌కు దొరుకుతుందో లేదో కనుక్కోండి.

అపోహ: షోరూము దగ్గర ఒక చుట్టు తిప్పి చూస్తే చాలు

చదును రోడ్డు మీద అన్ని బండ్లూ బాగానే ఉంటాయి. మీ నేలకే తెప్పించండి. ముందుగా కొలిచి, మాన్యువల్ అనుమతించిన వాలు మీదే, అనుభవమున్నవాళ్ల చేత నడిపించండి. బకెట్ ఖాళీగా, నేలకు దగ్గరగా ఉంచి, లో గేరులో నిలువునా దిగి చూడమనండి. తర్వాత సగం బరువుతో. బకెట్‌లో బరువుంటే వెనక్కి దిగాలి, బరువు ఎప్పుడూ మెరక వైపే ఉండాలి. లోడర్ వాడేటప్పుడు వెనక బరువుపెట్టె కావాల్సిందే, దాని ధర కూడా బేరంలో కలిపి మాట్లాడండి. ఆపాక బండి కింద ఒకసారి వంగి చూడండి: హైడ్రాలిక్ గొట్టాలు, ఫిల్టర్లు బయటికి వేలాడుతుంటే పుల్లలు, మోళ్లు వాటినే పట్టుకుంటాయి. రేడియేటర్ ముందున్న జాలీ చేత్తో ఊడదీసి శుభ్రం చేసే వీలుందో లేదో కూడా చూడండి, ఆకులూ గింజలూ రోజూ దాన్ని మూసేస్తాయి.

టైర్ల విషయానికొస్తే, నేలలో బురద ఎక్కువైతే లోతు గాళ్ల ఆర్-1 తీసుకోండి. పుల్లలు, మోళ్లు ఎక్కువైతే పక్కలు గట్టిగా ఉండే ఆర్-4 మేలు. పచ్చిక కోసం చేసిన టైర్లు తడి వాలు మీద జారుతాయి, ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దనండి.