స్పానిష్‌లో ‘ఈసిమో’: అపోహలు - వాస్తవాలు

నేను స్పానిష్ క్లాసులు చెప్తాను, విశేషణాలకి చివర ఈసిమో, ఈతో లాంటి తోకలు తగిలించే చాప్టర్ వచ్చిందంటే ప్రతి బ్యాచ్‌లోనూ అవే అపోహలు, అందుకే ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: ఈసిమో తగిలిస్తే ‘అందరికన్నా ఎక్కువ’ అని అర్థం.

కాదండీ. ఆల్తీసిమో అంటే చాలా చాలా పొడుగు, అంతే, పక్కవాళ్లతో పోలికే లేదు. క్లాసులో అందరికన్నా పొడుగు అనాలంటే ‘ఎల్ మాస్ ఆల్తో’ అనాల్సిందే. గ్రామర్ పుస్తకాలు రెండిటికీ సూపర్లేటివ్ అనే పేరు పెట్టేసరికి వచ్చిన గొడవ ఇది.

అపోహ: ముందు ‘ముయ్’ (చాలా) కూడా పెడితే ఇంకా గట్టిగా ఉంటుంది.

బ్వేనో అంటే మంచి. ముయ్ బ్వేనో ఓకే, బ్వెనీసిమో ఓకే, కలిపి ముయ్ బ్వెనీసిమో అంటే తప్పు.

అపోహ: పోబ్రే (పేద) అనే మాటకి పౌపేర్రిమో లాంటి లాటిన్ రూపాలే కరెక్టు, పోబ్రీసిమో అంటే చదువురానట్టు.

ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది, రాయల్ స్పానిష్ అకాడమీయే రెండూ ఒప్పుకుంటుంది, ఫ్వెర్తే (బలమైన) నుంచి వచ్చే ఫోర్తీసిమో, ఫ్వెర్తీసిమో కూడా అంతే, మాటల్లో రెండోదే సహజం. కాకపోతే అన్నిటికీ ఈ వెసులుబాటు లేదు, సేలెబ్రెకి (ప్రసిద్ధమైన) సెలెబేర్రిమోనే, ‘బ్లే’తో ముగిసే అమాబ్లే (దయగల) లాంటివి అమాబిలీసిమో అవ్వాల్సిందే.

అపోహ: ‘ఈతో’ అంటే చిన్నది అనే.

నాకు బాగా ఇష్టమైన టాపిక్ ఇదే. కాఫే కాలెంతీతో అంటే కొంచెం వేడిది కాదు, హాయిగా వేడివేడిగా ఉన్న కాఫీ. ‘ఇగ్వాలీతో ఆ సు పాద్రే’ అంటే అచ్చుగుద్దినట్టు వాళ్ల నాన్నే. సెర్కీతా అంటే బాగా దగ్గర, అదిగో అక్కడే అన్నట్టు. అంటే ఈ తోక చాలాచోట్ల అర్థాన్ని తగ్గించదు, పెంచుతుంది, పైగా కాస్త ఆప్యాయత కూడా కలుపుతుంది, అది ఈసిమోతో రాదు. చివర ‘ఆసో’ ఉన్నవాటితో ఇంకో తంటా, పెరూ రాజధాని లిమాలో సెవిచే (పచ్చి చేపతో చేసే వంటకం) బ్వెనాసో అంటే అదిరిపోయిందని, అదే మాట స్పెయిన్‌లో (అక్కడ ఎక్కువమంది బ్వెనాథో అంటారు) ఒక మనిషి గురించి అంటే సాధుస్వభావి, మంచోడు అని, అందుకే ఏ దేశం వాళ్లతో మాట్లాడుతున్నారో చూసుకుని వాడండి.

పలకడం గురించి కూడా చెప్పేస్తా, ఈసిమో చేరాక నొక్కి పలకాల్సింది ఎప్పుడూ ఆ ‘ఈ’ మీదే, అసలు పదంలో ఎక్కడ నొక్కినా సరే. రాపిదోలో (వేగంగా ఉండే) మొదటి ‘రా’ మీద ఉన్న యాక్సెంట్ గుర్తు తీసేసి, రాపిదీసిమో రాసేటప్పుడు ఈసిమోలోని మొదటి ఐ మీద పెట్టాలి.