స్నేహితుల ఇంట్లోనే దిగుతున్నాం, ఇంకేం కావాలి? మొదటి రోజు గురించి అపోహలు - వాస్తవాలు

విదేశీ ప్రయాణాల ఏర్పాట్లు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. హోటల్లో దిగేవాళ్లు బయల్దేరేముందు సవాలక్ష ప్రశ్నలు అడుగుతారు. స్నేహితుల ఇంట్లో దిగేవాళ్లు ఒక్కటీ అడగరు. "వాడు ఎయిర్‌పోర్టుకొస్తాడండీ, అంతా వాడే చూసుకుంటాడు" అంటారు. దిగిన రోజు కంగారుగా నాకు ఫోన్ చేసేది మాత్రం ఎక్కువగా వీళ్లే.

అపోహ: ఫ్రెండ్ బయటే ఉంటాడు కదా, అడ్రసు నాకెందుకు?

వాస్తవం: ఆ "బయట"కి ముందు ఇమ్మిగ్రేషన్ ఉంది. ఎక్కడ ఉంటారు, ఎవరింట్లో, ఆయన మీకేమవుతారు అని అడిగేది అక్కడే. అప్పటికి మీ ఫోన్‌కి సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. ఇంటి నంబరు, వీధి, పోస్టల్ కోడ్, ఫోన్ నంబరు కాగితం మీద రాసుకోండి. స్నేహితుడి పేరు కూడా, పాస్‌పోర్టులో ఉన్నట్టుగా. నవ్వకండి. ఇరవయ్యేళ్లుగా ముద్దుపేరుతోనే పిలుస్తున్న స్నేహితుడి అసలు ఇంటిపేరు గుర్తురాక కౌంటర్ ముందు నీళ్లు నమిలిన క్లయింటు నాకున్నారు.

అపోహ: "వాళ్ల పిల్లల్ని చూసుకుంటూ ఉంటాను" అంటే ఆఫీసరుకి మంచి అభిప్రాయం కలుగుతుంది.

వాస్తవం: మంచి మాటే, కానీ చెప్పే చోటు అది కాదు. బసకి బదులుగా పిల్లల పనో ఇంటి పనో చేయడాన్ని కొన్ని దేశాల్లో ఉద్యోగంగానే లెక్కవేస్తారు. సందర్శక వీసా మీద ఉద్యోగం కుదరదు. అబద్ధం చెప్పమనడం లేదు. నిజంగా చూడ్డానికే వెళ్తుంటే చూడ్డానికి వచ్చామని చెప్పి, తిరుగు టికెట్ చూపించండి. అదే నిజంగా పిల్లల్ని చూసుకోవడానికే వెళ్తుంటే, ఏ వీసా కావాలో టికెట్ కొనకముందే తేల్చుకోవాలి.

అపోహ: బ్యాగు రాకపోతే ఇంటికెళ్లాక ఫోన్ చేయొచ్చు.

వాస్తవం: బయట స్నేహితుడి కుటుంబం ఎదురుచూస్తోందన్న మొహమాటంతో చాలామంది చేసే పొరపాటు ఇది. సామాన్లు తీసుకునే హాల్లోంచి బయటికి రాకముందే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి, దాని నంబరు తీసుకోండి. ఎన్ని రోజులు ఉంటారో చెప్పి, స్నేహితుడి అడ్రసే ఇవ్వండి. చాలా దేశాలకు వర్తించే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, బ్యాగు దెబ్బతింటే అందిన 7 రోజుల్లోపు, ఆలస్యమైతే అది చేతికొచ్చిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మందులు చేతిసంచిలోనే ఉండాలని వేరే చెప్పాలా? ఇన్సులిన్ అయితే మరీనూ. కింద సామాన్ల అరలో గడ్డకడితే పనికిరాదు.

అపోహ: హోటల్ కాదు కాబట్టి పోలీసులకీ ఆఫీసులకీ చెప్పాల్సిన పనిలేదు.

వాస్తవం: హోటల్లో దిగితే ఆ పని వాళ్లే చేసేస్తారు, మనకి తెలియనే తెలియదు. ఇంట్లో దిగితే అది మీ మీదో, ఇంటివాళ్ల మీదో పడుతుంది. చైనాలో 24 గంటల్లోపు స్థానిక పోలీసుల దగ్గర నమోదు కావాలి. ఇటలీలో యూరోపియన్ యూనియన్ బయటి దేశస్థుడికి ఇంట్లో చోటిచ్చినవాళ్లు 48 గంటల్లోపు తెలియజేయాలి. అన్ని దేశాల్లోనూ ఇలా ఉండదు. మీరు వెళ్లేచోట ఉందేమో బయల్దేరేముందే మీ స్నేహితుణ్ణి అడగండి. ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంటున్నవాళ్లకి కూడా ఇంటికి అతిథి వచ్చేదాకా ఈ సంగతి తెలియకపోవచ్చు.

అపోహ: దిగగానే హాయిగా పడుకుంటే జెట్‌లాగ్ (కొత్త దేశం టైముకి ఒళ్లు సర్దుకోలేని బడలిక) పోతుంది. ఇంకొందరు: దిగగానే ఎండలో తిరిగితే పోతుంది.

వాస్తవం: రెండూ సగం సగమే. మన ఒంట్లోని గడియారం 24 గంటల కంటే కాస్త ఎక్కువ నిడివిది. అందుకే రోజు సాగే పడమటి ప్రయాణం కంటే, రోజు కుదించుకుపోయే తూర్పు ప్రయాణం ఎక్కువమందిని పీడిస్తుంది. సర్దుకోవడానికి సుమారుగా ఒక్కో గంట తేడాకి ఒక్కో రోజు పడుతుంది. పగలు ఆగలేకపోతే అరగంట కునుకు తీయండి, అలారం పెట్టుకుని. మూడు గంటలు పడుకున్నారా, రాత్రి రెండింటికి ఇంటిల్లిపాదీ నిద్రలో ఉంటే మీరొక్కరే కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తుంటారు.

ఎండ సంగతి ఇంకొంచెం చిత్రం. మామూలుగా లేచే వేళకి రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ తర్వాత పడే వెలుగు గడియారాన్ని ముందుకి జరుపుతుంది, దానికి ముందు పడేది వెనక్కి లాగుతుంది. తూర్పుకి, తొమ్మిది గంటల తేడా ఉన్నచోటికి వెళ్లారనుకోండి, అంటే గడియారం ముందుకి జరగాలి. మీ ఒంటికి తెల్లవారుజామున నాలుగైనప్పుడు అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. కాబట్టి దిగిన రోజు పొద్దున నల్లకళ్లద్దాలు, మధ్యాహ్నం దాటాక షికారు. తేడా తక్కువైతే ఇంత లెక్క అక్కర్లేదు.

ఇదంతా ఇంటివాళ్లకి ముందే చెప్పాలి. మీ కోసం సెలవు పెట్టి, సాయంత్రానికి పదిమందిని పిలిచి పెట్టుకుంటారు పాపం. "మొదటి రోజు ఏమీ పెట్టుకోవద్దు" అని వారం ముందే అంటే ఎవరూ నొచ్చుకోరు. విందు మధ్యలో కుర్చీలోనే నిద్రపోతే నొచ్చుకుంటారేమో! అభిమానంతో కారు తాళాలు చేతికిచ్చినా ఆ రోజుకి వద్దనండి. అసలే నిద్రమత్తు, పైగా రోడ్డుకి రెండో పక్కన నడిపే దేశమైతే ఇంకా ప్రమాదం.

అపోహ: అడాప్టర్ ఉంటే ఏ ప్లగ్గైనా పెట్టొచ్చు.

వాస్తవం: మామూలు అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందంతే, వోల్టేజీ మార్చదు. చార్జర్ మీద 100-240 అని ఉంటే బెంగలేదు. 120 వోల్టుల హెయిర్ డ్రయ్యర్‌ని 230 వోల్టుల ఇంట్లో పెడితే కాలిపోతుంది, లేదా ఆ ఇంటి కరెంటే పోతుంది. అదే 230 వోల్టులది 120 వోల్టుల ఇంట్లో పెడితే, సుమారు పావువంతు వేడే వస్తుంది. అవి మోసుకెళ్లడం మానేయండి. వాళ్లింట్లో ఉంటుంది, అడిగి తీసుకోండి.