కారు అడుగున మన గేటు రంగు

వెల్డింగ్ షాపులో చేయించిన కొత్త గేటు ఇంటికొచ్చేటప్పుడు ఏ రంగులో ఉంటుందో మనందరికీ తెలుసు. ఇటుక పొడిలాంటి ఆ ఎరుపే రెడ్ ఆక్సైడ్. దాని మీద తర్వాత మనకు నచ్చిన ఎనామిల్ పెయింట్ కొట్టిస్తాం. 1960లలో అమెరికాలోని డియర్‌బర్న్ ఫ్యాక్టరీలో తయారైన ఫోర్డ్ మస్టాంగ్ కారు కిందికి దూరి చూస్తే, చాలా కార్లకు అడుగున కనిపించేది ఇదే రంగు. పైన తళతళలాడే నీలమో తెలుపో ఉంటుంది. కింద మాత్రం ఎనామిల్ దాకా రాకుండా ఆగిపోయిన మన గేటు!

అలాంటి పాత కారును ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉండేదో అలా తిరిగి తయారుచేయాలనుకునేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. వాళ్లకు పైభాగంతో పెద్ద ఇబ్బంది లేదు. మస్టాంగ్ తలుపుకి ఉండే చిన్న రేకు మీద బాడీ రంగు కోడ్ అచ్చువేసి ఉంటుంది. అడుగు రంగుకి అలాంటి కోడేమీ లేదు. అక్కడ ఏముండేదో కారునే అడిగి తెలుసుకోవాలి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ వెతుకులాటే.

మస్టాంగ్‌ను 1964 ఏప్రిల్ 17న విడుదల చేశారు. మొదటి ఏడాదిలోనే 4 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. డియర్‌బర్న్ ఒక్కటే చాలక కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో, న్యూజెర్సీలోని మెటుచెన్‌లో కూడా తయారుచేశారు. అంత వేగంగా నడిచే లైన్లో ఎవరూ చూడని అడుగుభాగానికి ఖరీదైన రంగు ఎందుకు వేస్తారు? ప్రైమర్‌తో, అంటే అసలు రంగుకి ముందు వేసే తొలి పూతతో, సరిపెట్టారు. రెడ్ ఆక్సైడ్ అలాంటిదే. కొన్నిసార్లు మిగిలిపోయిన రంగులన్నీ ఒకే డబ్బాలో కలిపి అడుగుకి వాడేశారు. అందుకే కొన్ని కార్ల కింద బూడిద రంగు, కొన్నిటి కింద గోధుమ రంగు బయటపడుతుంటాయి. ఏ ఫ్యాక్టరీలో, ఏ నెలలో తయారైందన్న దాన్ని బట్టి అడుగు రంగు మారిపోతుంది. మస్టాంగ్ అంటే ఎర్ర అడుగు అని కళ్లు మూసుకుని కొట్టేస్తే తప్పులో కాలేసినట్టే.

రెడ్ ఆక్సైడ్‌నే ఎందుకు ఎంచుకున్నారు? రసాయనికంగా చూస్తే ఆ ఎర్ర పొడి ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పుకి దగ్గరి చుట్టం. ఇనుము ఆక్సిజన్‌తో కలిసే దాకా కుదురుగా ఉండదు. ఈ పొడిలోని ఇనుము ఆ పని ఎప్పుడో ముగించుకుంది. ఎండకి వెలవదు, నీటికి కరగదు, పైగా చవక. పూతలో కిక్కిరిసి ఉన్న ఈ రేణువుల మధ్య నుంచి తేమ, ఆక్సిజన్ రేకు దాకా వెళ్లాలంటే చుట్టూ తిరిగి వెళ్లాలి. ఇది చేసే కాపలా అంతే. అప్పట్లో వంతెనలకు వేసిన రెడ్ లెడ్‌లో సీసం ఉండేది. అది రసాయన చర్యతో తుప్పును నెమ్మదింపజేసేది. రెడ్ ఆక్సైడ్‌కి ఆ శక్తి లేదు. గీత పడిందా, అక్కడ రేకు నగ్నంగా దొరికిపోతుంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో ఈ కార్ల అడుగులు జల్లెడలైపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ రంగుని ఇప్పుడు తిరిగి తేవడం సులువేననిపిస్తుంది. దుకాణంలో రెడ్ ఆక్సైడ్ దొరుకుతుంది కదా! తేడా రంగులో కన్నా మెరుపులో వస్తుంది. పూతలో రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు అని రెండు ఉంటాయి. జిగురు ఎక్కువైతే పొడి రేణువులు అందులో మునిగి పైభాగం నున్నగా అద్దంలా వస్తుంది. ప్రైమర్‌లో పొడి పాలు ఎక్కువ. రేణువులు పైకి పొడుచుకొచ్చి కంటికి కనిపించనంత గరుకు ఏర్పడుతుంది. వెలుతురు ఒకే వైపుకి తిరగకుండా అన్ని వైపులా చెదిరిపోతుంది. మనం మ్యాట్ ఫినిష్ అనేది దాన్నే.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఇంకా ఎనామిల్ పడని గేటు మీద వేలు తడిపి రుద్దండి. ఆ మచ్చ వెంటనే ముదురు ఎరుపుకి తిరుగుతుంది. ఆరిపోగానే మళ్లీ లేత రంగు వచ్చేస్తుంది. తొలకరి చినుకు పడ్డ ఎర్ర నేల ముదురుగా కనిపించేది కూడా ఇందుకే. రేణువుల మధ్య గాలి ఉన్నంతసేపు వెలుతురు బాగా చెదిరి, తెల్లటి పొర కప్పినట్టు రంగు లేతగా ఉంటుంది. ఆ ఖాళీల్లోకి నీరు చేరితే చెదరడం తగ్గి అసలు రంగు చిక్కబడుతుంది. ప్రైమర్ పాడవకూడదని పైన రంగులేని, మెరిసే క్లియర్ కోట్ కొట్టేవాళ్లు సరిగ్గా ఇదే చేస్తున్నారు. కారు అడుగు జీవితాంతం తడిసినట్టే ఉండిపోతుంది. ఇటుక రంగు కాస్తా మెరూన్‌కి తిరుగుతుంది. పాత మస్టాంగ్‌లు తెలిసినవాళ్లు దూరం నుంచే పట్టేస్తారు.

ఇంకా తమాషా అయింది అంచుల దగ్గర ఉంటుంది. ఫ్యాక్టరీలో బాడీకి పై రంగు కొట్టేటప్పుడు తలుపుల కింది అంచు దాటి కొంత తుంపర అడుగుకి చేరేది. స్ప్రే గన్ నుంచి వచ్చే చుక్కలు చాలా సన్నవి. దూరం వెళ్లేకొద్దీ వాటిలోని థిన్నర్ దారిలోనే ఆవిరైపోతుంది. సగం ఎండి రేకు మీద వాలిన చుక్కలు పరుచుకోలేక నూగులా అంటుకుంటాయి. అందువల్ల అంచు దగ్గర నీలం చిక్కగా, నున్నగా ఉండి, లోపలికి పోయేకొద్దీ పలచబడి, గరుకుతేలి, చివరికి ఎరుపులో కలిసిపోతుంది. అడుగున ఏదైనా క్లిప్పో బ్రాకెట్టో అడ్డొస్తే దాని వెనక తుంపర పడని నీడ కూడా మిగిలిపోతుంది. చేతిలో టార్చ్ పట్టుకుని వెల్లకిలా పడుకుని ఆ నీడల్ని చూస్తే, ఆనాడు గన్ ఏ ఎత్తులో, ఏ కోణంలో ఉందో లెక్కగట్టొచ్చు.

ఇప్పటి షెడ్డులో బాడీని రెండు చివర్లా పట్టి గుండ్రంగా తిప్పే స్టాండుకి బిగిస్తారు. అడుగు మన ముఖానికి ఎదురుగా వస్తుంది. పని హాయిగా సాగుతుంది కానీ ఆ భంగిమలో కొట్టిన తుంపర ఎప్పటికీ అసలుదానిలా రాదు. అనుభవమున్నవాళ్లు ఎర్ర ప్రైమర్ వరకు అలా తిప్పి కొట్టి, పై రంగు తుంపర వేళకి బాడీని మామూలుగా నిలబెట్టి, తలుపు అంచు ఎత్తులోనే గన్ పట్టుకుంటారు. ఆ నూగు దానంతటదే వస్తుంది. బ్రష్షుతోనో స్పాంజితోనో అద్ది తెద్దామంటే కుదరదు.

మరి అసలు రంగు ఏదో ఎక్కడ దొరుకుతుంది? సూర్యుడికి, రోడ్డుకి అందని చోట. ఆనాటి మస్టాంగ్‌లో పెట్రోల్ ట్యాంకు పైభాగమే డిక్కీకి నేల. ట్యాంకు అంచు బాడీ రేకు మీద కూర్చుని ఉంటుంది. స్క్రూలు విప్పి ట్యాంకుని పైకి లేపితే ఆ అంచు కింద అరవై ఏళ్ల నాటి పూత ఒక్కోసారి చెక్కుచెదరకుండా ఉంటుంది. అతుకుల్లో పూసిన సీలర్ కింద, బోల్టు తల కింద కూడా వెతకాలి. గోరంత పెచ్చు దొరికితే దాన్ని రెసిన్‌లో పోసి, అడ్డంగా సానపట్టి, మైక్రోస్కోప్ కింద పెట్టొచ్చు. బావి తవ్వినప్పుడు మట్టి పొరలు కనిపించినట్టు రేకు, ప్రైమర్, తుంపర, ఆ తర్వాత ఎవరో కొట్టించిన రంగులు వరుసగా కనిపిస్తాయి. గుద్ది పారిపోయిన కారుని పట్టుకోవడానికి ఫోరెన్సిక్ ల్యాబుల్లో చేసేదీ ఇదే. కెనడా పోలీసులు ఇందుకోసం కార్ల రంగు పొరల రసాయన వివరాలతో పెద్ద డేటాబేస్ నడుపుతున్నారు.

కొన్నిసార్లు అదృష్టం తారు రూపంలో వస్తుంది. ఆ రోజుల్లో షోరూం వాళ్లు అదనపు డబ్బు తీసుకుని అడుగంతా తారులాంటి అండర్ కోటింగ్ కొట్టేవారు. చూడ్డానికి వికారంగా ఉన్నా, అది దాని కింది ఎర్ర ప్రైమర్‌ను, ఫ్యాక్టరీలో సుద్దముక్కతో రాసిన అంకెల్ని కూడా దాచి ఉంచుతుంది. పాత పద్ధతిలో వేడిచేసి గీకితే రెండూ కలిసి ఊడిపోయే ప్రమాదముంది. ఈమధ్య డ్రై ఐస్ వాడుతున్నారు. అది మైనస్ 78 డిగ్రీల గడ్డ కార్బన్ డయాక్సైడ్. దాని గుళికల్ని గాలి ఒత్తిడితో కొడితే తారు చల్లబడి పెళుసెక్కుతుంది. గుళిక తగిలిన క్షణంలోనే ఆవిరై ఉబ్బి పెచ్చుని లేపేస్తుంది. ఇసుకలా రేకుని కోయదు, తడి మిగల్చదు. జాగ్రత్తగా చేస్తే కింద అసలు పూత నిలిచి ఉంటుంది. అలా బయటపడ్డ అడుగుని నేనైతే మళ్లీ రంగు కొట్టకుండా అలాగే ఉంచేస్తాను. ఎంత మంచి నకలు చేసినా అసలు అసలే.

షెవర్లే కార్వెట్ అనే మరో అమెరికా కారు కథ వేరు. దాని బాడీ ఫైబర్‌గ్లాస్, తుప్పు భయం లేదు. తుప్పంతా కింది ఉక్కు ఫ్రేముకే. దానికి తారు కలిసిన నల్ల రంగు పట్టించేవారు. కింది అంచుల్లో కారి గడ్డకట్టిన చుక్కలు ఉండేవి. అవి ఎటు వేలాడుతున్నాయో చూస్తే ఆరేటప్పుడు ఫ్రేము ఏ వైపు కిందికి ఉందో తెలుస్తుంది. 1974లో ఏర్పడిన కార్వెట్ రెస్టోరర్ల జాతీయ సొసైటీ పోటీల్లో కొలమానం అందం కాదు, ఫ్యాక్టరీ. చుక్క లేకుండా, అద్దంలా మెరిసేలా పౌడర్ కోటింగ్ చేయించిన ఫ్రేముకి మార్కులు పోతాయి. ఎంతో ఖర్చుపెట్టి బాగుచేసుకున్నవాళ్లకు ఇది మింగుడుపడదు. నాకు మాత్రం ఇదే న్యాయమనిపిస్తుంది.

జపాన్ నుంచి వచ్చిన డాట్సన్ 240జెడ్‌కి అడుగున కూడా బాడీ రంగే ఉంటుంది. పోర్షే 911 అయితే 1976 మోడల్ నాటికి బాడీ రేకుకే జింకు పూత పట్టించడం మొదలుపెట్టింది. జింకు ఇనుము కన్నా ముందు తాను కరిగి ఇనుముని కాపాడుతుంది. ఫోర్డ్‌లో జార్జ్ బ్రూవర్ బృందం అభివృద్ధి చేసిన, కరెంటు సాయంతో బాడీని ప్రైమర్‌లో ముంచే పద్ధతి కూడా 1960ల నుంచి మెల్లగా వ్యాపించింది. గన్ చేరలేని సందుల్లోకీ రంగు పోవడం అప్పుడే మొదలైంది.

ఇక మిగిలేది ఒక చిక్కు. ఆనాటి ప్రైమర్‌ని అచ్చంగా ఆనాటిలాగే కొడితే ఆనాటిలాగే తుప్పు పడుతుంది. అందుకే చాలామంది శుభ్రం చేసిన రేకు మీద ముందు ఇప్పటి ఎపాక్సీ ప్రైమర్ వేస్తారు. నీటిని ఆపేది అదే. దాని మీద పాత పెచ్చుతో పోల్చి కలిపిన ఎర్ర రంగుని, మెరుపు తగ్గించే సన్నని సిలికా పొడి చేర్చి, పలచగా ఒక పూత కొడతారు. అది ఆరాక తలుపుల కింద నీలం తుంపర. చివర్లో, ఇంజిన్ తిప్పుడుని వెనక చక్రాలకు చేర్చే పొడవాటి డ్రైవ్ షాఫ్ట్‌ని పెయింట్ లేని ఉక్కులాగే ఉంచి, దాని మీద ఆనాటి కార్మికుడు గుర్తు కోసం గీసిన రంగు చారల్ని అదే చోట, అదే వెడల్పులో, బ్రష్షు ఒక్క విసురుతో గీస్తారు.