చల్లబడ్డాకే బయటపడే లీకులు

2021 ఏప్రిల్‌లో కోవిడ్ టైమ్‌లో దేశంలోనే మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మన వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో లోడై మహారాష్ట్రకి వెళ్ళింది, గుర్తుందా? ఆ ట్యాంకర్లలో ఉన్న లిక్విడ్ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మే నెల ఉక్కపోతలో గాజువాకలో కూర్చుని ఈ నంబర్ వింటేనే నమ్మబుద్ధి కాదు, కానీ జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనా కేంద్రంలో, ప్రోటాన్లని రింగులో పరిగెత్తించి ఢీకొట్టించే ఎల్‌హెచ్‌సీ యాక్సిలరేటర్‌కి ఇది ఏ మూలకీ చాలదు. ఆ ప్రోటాన్లని దారిలో ఉంచే మాగ్నెట్లు 1.9 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 271 దగ్గర పనిచేస్తాయి. అప్పుడే వాటి తీగల్లో 11 వేల ఆంపియర్ల పైన కరెంట్ రెసిస్టెన్స్ లేకుండా పోతుంది. ఆ చలికి ఆక్సిజన్, నైట్రోజన్ అన్నీ రాయిలా గడ్డకట్టేస్తాయి, ద్రవంగా మిగిలేది హీలియం ఒక్కటే. (ఈ హీలియం కథ మొదలైంది కూడా మన దగ్గరే, సూర్యుడి కాంతిలో దాని జాడ కనిపెట్టడానికి దారితీసిన 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణాన్ని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచే చూశాడు.)

సరే, ఇంత చల్లటి సిస్టమ్ కట్టాక అది బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? నాకు అసలు కథ ఇక్కడే కనిపిస్తుంది.

మొదట లీక్ టెస్ట్. పైపు లోపల గాలంతా పంపుతో లాగేసి, బయట వెల్డింగుల మీద హీలియం గ్యాస్ కొద్దికొద్దిగా చల్లుతారు, ఎక్కడైనా సన్న రంధ్రం ఉంటే హీలియం లోపలికి దూరి డిటెక్టర్‌కి దొరికిపోతుంది. ఈ డిటెక్టర్లు పట్టే లీక్ ఎంత చిన్నదంటే, బయట మామూలు గాలి ప్రెషర్‌లో ఒక్క సీసీ గ్యాస్ అందులోంచి కారడానికి 30 ఏళ్ళ పైనే పడుతుంది! అయినా ఇది పాసైతే పని అయిపోయినట్టు కాదు. కుక్కర్ గాస్కెట్ స్టవ్ మీద పెట్టకముందు బానే ఉంటుంది, ప్రెషర్ ఎక్కాకే పక్కనుంచి ఆవిరి పోతుంది కదా, ఇక్కడ వేడి బదులు చలి. స్టీలు రూమ్ టెంపరేచర్ నుంచి ఆ చలికి దిగేసరికి మీటరుకి సుమారు 3 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది, ఆ గుంజుడికి వెల్డింగ్‌లో కనపడని పగులు తెరుచుకుంటుంది, పైగా 2.17 కెల్విన్ దాటి కిందకి దిగితే హీలియం జిగురు లేని సూపర్‌ఫ్లూయిడ్ అయిపోయి మామూలు ద్రవం దూరలేని సందుల్లోంచి కూడా జారిపోతుంది. అప్పుడు చుట్టూ ఉన్న వాక్యూమ్ పాడవుతుంది, బయటి వేడి లోపలికి వస్తుంది. పోనీ వెంటనే విప్పి చూద్దామంటే కుదరదు, మొత్తం మళ్ళీ వేడెక్కించాలి, బాగుచేయాలి, మళ్ళీ చల్లబరచాలి, దానికి వారాలు పడుతుంది.

తిరిగి వేడెక్కించడం కూడా ఒక పరీక్షే. 2007లో ఎల్‌హెచ్‌సీలో ఒక సెక్టార్‌ని, అంటే రింగులో ఒక భాగాన్ని, చల్లబరచి మళ్ళీ మామూలు టెంపరేచర్‌కి తెచ్చాక చూస్తే, మాగ్నెట్ల మధ్య జాయింట్లలో సాగడానికీ ముడుచుకోడానికీ పెట్టిన సన్న రాగి రేకులు కొన్ని వంగి, ప్రోటాన్ల బీమ్ వెళ్ళే దారికే అడ్డం పడ్డాయి. మూడు కిలోమీటర్ల పైపులో ఎక్కడ వంగాయో ఎలా వెతుకుతారు? పింగ్‌పాంగ్ బంతి లాంటి బంతిలో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, గాలితో పైపులో దొర్లించారు, అది ఎక్కడ ఆగితే అక్కడ అడ్డు ఉన్నట్టు. అంత పెద్ద మెషీన్‌కి ఈ ఐడియా వేసినవాడికి దండం పెట్టాలి.

ఇక వేడి లెక్క. లోపలికి ఎన్ని వాట్ల వేడి చొరబడుతోందో తెలియాలంటే సప్లై వాల్వ్ మూసేసి హీలియం మట్టం ఎంత తగ్గుతోందో చూస్తే చాలు. హీలియం మామూలుగా మరిగే 4.2 కెల్విన్ దగ్గర ఒక్క వాట్ వేడి గంటకి సుమారు 1.4 లీటర్ల ద్రవాన్ని ఆవిరి చేసేస్తుంది. ఆ ఒక్క వాట్‌ని బయటకి తీయాలంటే పైన కంప్రెసర్లకి రెండు వందల వాట్ల పైనే కరెంట్ కావాలి, అందుకే వాట్ వాట్‌కీ లెక్క. ఆవిరైన గ్యాస్‌ని కూడా వదిలేయరు, పట్టి శుద్ధి చేసి మళ్ళీ ద్రవం చేస్తారు, మనలాంటి దేశానికి దాదాపు అంతా దిగుమతే మరి. గ్యాస్ లీక్ అనగానే 2020 మే తర్వాత వైజాగ్‌లో ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, హీలియం విషం కాదు కానీ మూసిన గదిలో ఆక్సిజన్‌ని తోసేస్తుంది కాబట్టి టెస్ట్ హాల్లో ఆక్సిజన్ మీటర్లు తప్పనిసరి. అన్నట్టు సెర్న్‌లో ఆ మాగ్నెట్లని చల్లబరచి టెస్ట్ చేసిన టీముల్లో మన దేశపు ఇంజనీర్లు కూడా ఉన్నారు.

2008 సెప్టెంబర్ 19న ఒక సెక్టార్‌లో కరెంట్ పెంచుతూ టెస్ట్ చేస్తుండగా, 8.7 కిలోఆంపియర్ల దగ్గర రెండు మాగ్నెట్ల మధ్య జాయింట్ కాలిపోయింది, మెరుపు లేచి హీలియం తొట్టికి రంధ్రం పడింది, చివరికి సుమారు 6 టన్నుల హీలియం బయటపడింది. మెషీన్ మళ్ళీ నడవడానికి ఏడాది పైనే పట్టింది. తర్వాత పాత రికార్డులు తిరగేస్తే, అంతకు కొన్ని రోజుల ముందే అదే చోట టెంపరేచర్ కెల్విన్‌లో వందో వంతుల లెక్కన కొంచెం పెరిగినట్టు, పది వాట్ల చిల్లర వేడి ఎక్కడిదో లెక్క తేలనట్టు బయటపడింది! అప్పుడు ఎవరూ అటు చూడలేదంతే. దాంతో అదే పద్ధతిలో మిగతా సెక్టార్లనీ చల్లగా ఉంచి, కరెంట్ పంపి, వాట్లు కొలుచుకుంటూ పోయారు, వేరే చోట్ల కూడా అనుమానం ఉన్న జాయింట్లు దొరికాయి, ఆ మాగ్నెట్లని తీసి మార్చేశారు.