కరోనా ఏడాది జీడి రైతుకు ఖర్చు తగ్గిందా? అపోహలు - వాస్తవాలు

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టేసరికి మా జీడితోటలో పళ్లు రాలడం మొదలైంది. ఆ ఏడాది గురించి ఇప్పటికీ వినే మాటలు కొన్ని.

అపోహ: పనులు ఆగాయి కాబట్టి ఖర్చూ ఆగింది.

ఖర్చులో పెద్ద వాటా అప్పటికే అయిపోయింది. టీ దోమకి (చిగురు, పూత రసం పీల్చే పురుగు) మందు చిగురు మీద ఒకసారి, పూత మీద ఒకసారి, పిందె మీద ఒకసారి కొట్టాలి. కొట్టాం, అప్పు తెచ్చి. రాలిన పండు రెండు మూడు రోజులకోసారి ఏరకపోతే పిక్క, అంటే పెంకుతో ఉన్న జీడిగింజ, నల్లబడుతుంది. వ్యవసాయ పనులకు మార్చి 27న మినహాయింపు ఇచ్చారు గానీ, ఊరి మొదట్లో కర్రలు అడ్డం కట్టేశారు. పక్క ఊరి కూలీలు రాలేదు. ఇంటిల్లిపాదీ ఏరాం.

అపోహ: వలస వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు, కూలి చవకైంది.

శ్రామిక్ రైళ్లు మొదలైందే మే 1న. వచ్చి, క్వారంటైన్ ముగించేసరికి మా ఏరుడు అయిపోయింది.

అపోహ: పిక్క కుళ్లదు, రేటు వచ్చేదాకా దాచుకోవచ్చు.

దాచాలంటే ముందు బాగా ఎండాలి. గుప్పెడు పిక్కలు గచ్చు మీద పోస్తే గలగలమనాలి. చప్పుడు మెత్తగా వస్తే లోపల ఇంకా నెమ్ము ఉన్నట్టే. మేం తొందరపడి బస్తాలకెత్తాం. తొమ్మిది బస్తాలు, పడుకునే గదిలోనే. జూలైలో దళారి వచ్చి పది పిక్కలు కోసి చూశాడు. రెండింటి పప్పు మీద మచ్చ. ఆ వంకతో రేటు కోశాడు. ఈలోగా తూకం తగ్గింది, వడ్డీ పెరిగింది. టెన్షన్ సంగతి సరేసరి.

అపోహ: ఆఫ్రికా పిక్కలు ఆగితే మన పిక్కకి రేటు రావాలి.

పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీలు బయటి పిక్కలూ తెచ్చుకుంటాయి, నిజమే. కానీ కొనే ఫ్యాక్టరీయే మూతపడితే ఎవరి పిక్కకైనా రేటెక్కడిది? పెళ్లిళ్లు లేవు, మిఠాయి కొట్లు లేవు. తిరుమలలో దర్శనాలే మార్చి 20 నుంచి జూన్ దాకా ఆగాయి.

షాపులో కిలో పప్పు ధర చూసి మా లాభం లెక్కగట్టేవాళ్లూ ఉన్నారు. 80 కిలోల బస్తా పిక్కలు కొడితే వచ్చే పప్పు ఇరవై కిలోలు, ఇరవై రెండు. మిగతాది పెంకు, పొట్టు.

అపోహ: నష్టమంతా కరోనాదే.

కాదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా చెట్లు సగం పడగొట్టింది. వాటి చోట వేసిన మొక్కలు 2020కి ఇంకా కాపుకి రాలేదు. తొమ్మిది బస్తాలే అయింది అందుకే. తుపానుకు ముందు పద్దెనిమిది వచ్చేవి.