పగలడం కాదు, జరగడం: ప్లాస్టిక్ రైఫిల్ తగువు వెనుక కథ

జర్మనీ సైన్యం పాతికేళ్లు మోసిన జీ36 రైఫిలును మార్చుకుంటోంది. దాని రిసీవర్ ప్లాస్టిక్. బదులుగా వస్తున్న హెచ్‌కే416ది అల్యూమినియం. రెండూ ఓబర్న్‌డోర్ఫ్ పట్టణంలోని హెక్లర్ అండ్ కోఖ్ కంపెనీవే. అల్యూమినియం తరవాత వచ్చిన పదార్థం ప్లాస్టిక్. మరి ఈ వెనకడుగు ఎందుకు పడింది?

రిసీవర్‌ను తుపాకీ మొండెం అనుకోవచ్చు. గొట్టం, భుజానికి ఆనించే బట్టు, ట్రిగ్గరు, తూటాలుండే మ్యాగజైను, గురి చూసే సరంజామా అన్నీ దాన్నే పట్టుకుని ఉంటాయి. పాత రైఫిళ్లలో పేలుడు దెబ్బను కూడా అదే కాసేది కాబట్టి ఉక్కు తప్ప గతి లేదు. 1950ల మధ్యలో అమెరికాలోని ఆర్మలైట్ సంస్థలో యూజీన్ స్టోనర్ ఈ బరువును తప్పించాడు. మెల్విన్ జాన్సన్ అంతకుముందే తన రైఫిల్లో వాడిన పద్ధతిని తీసుకుని, తూటా వెనక గొట్టాన్ని మూసే బోల్టు కొసన ఉన్న పళ్లు గొట్టం వెనక బిగించిన ఉక్కు ముక్కలోకి తిరిగి పట్టుకునేలా చేశాడు. దాంతో పేలుడు ఒత్తిడి బోల్టుకూ గొట్టానికీ మధ్యనే ఆగిపోతుంది. మొండెం పని సామాన్లను చోటు తప్పకుండా పట్టుకోవడమే. ఆర్మలైట్ మాతృసంస్థ ఫెయిర్‌చైల్డ్ విమానాల కంపెనీ. అక్కడివాళ్ల చేతికి అల్యూమినియం అలవాటే. ఉత్సాహం ఎక్కువై గొట్టానికి కూడా అల్యూమినియం తొడిగారు. 1957లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాల పరీక్షల్లో ఆ గొట్టం పగిలింది. మొండెం విషయంలో మాత్రం వాళ్ల లెక్క తప్పలేదు. స్టోనర్ పద్ధతిలోంచి వచ్చిన అమెరికా సైన్యపు రైఫిల్ ఎం16. దాని రిసీవర్లకు ఇప్పుడు వాడే 7075 అల్యూమినియం కూడా విమానాలకు వాడే మిశ్రమమే.

ఆ ఎం16నే వియత్నాంలో సైనికులు బొమ్మల కంపెనీ పేరు పెట్టి మాటెల్ రైఫిల్ అని వెక్కిరించారు. అక్కడ అది మొరాయించడానికి తూటాలోని పేలుడు మందు మార్చడం, గొట్టం లోపల క్రోమియం పూత లేకపోవడం, శుభ్రం చేసుకునే సామగ్రి ఇవ్వకపోవడం వంటి కారణాలున్నాయి. నింద మాత్రం తేలికగా, నల్లగా కనిపించే ఒంటి మీద పడింది. బరువు ఉంటేనే గట్టిదనే నమ్మకం అంత సులువుగా పోదు.

ప్లాస్టిక్ వంతు 1959లో వచ్చింది. రసాయనాల కంపెనీ డ్యూపాంట్ చేతిలో ఉన్న రెమింగ్టన్ తుపాకుల కంపెనీ నైలాన్ 66 పేరుతో చిన్న .22 (0.22 అంగుళాల తూటా) రైఫిల్ తెచ్చింది. బట్టు, మొండెం అంతా నైలానే. నున్నటి ఆ నైలాన్ మీద బోల్టు నూనె లేకుండానే జారేది. ప్లాస్టిక్ ఎన్నాళ్లు ఆగుతుందన్న వెక్కిరింతకు కంపెనీ ఉద్యోగి టామ్ ఫ్రై తుపాకీతోనే జవాబిచ్చాడు. పదమూడు రోజులపాటు గాలిలోకి విసిరిన 1,00,010 చెక్క ముక్కల్లో అతను కొట్టలేకపోయినవి ఆరే. ఆ రైఫిళ్లు పది లక్షలకు పైగా తయారయ్యాయి. కాకపోతే .22 తూటా పుట్టించే వేడి ఎంత? ఆ విజయం ఈ ప్రశ్నను ముప్పై ఏళ్లకు పైగా దాచిపెట్టింది.

1997లో జర్మనీ సైన్యంలో చేరిన జీ36 ఆ ప్రశ్నను బయటికి లాగింది. దానిలో కూడా బోల్టు ఉక్కులోనే పట్టుకుంటుంది. గొట్టాన్ని పట్టి ఉంచే ఉక్కు దిమ్మ మాత్రం గాజు పీచు కలిపిన ప్లాస్టిక్‌లో పొదిగి ఉంటుంది. గురి చూసే దుర్బిణి పైన ఉండే ప్లాస్టిక్ పిడిలోనే ఉంటుంది. అంటే గొట్టానికీ గురికీ మధ్య ఉన్న చుట్టరికమంతా ప్లాస్టిక్ మీదుగానే. 2010 ఏప్రిల్ 2న అఫ్గానిస్తాన్‌లోని కుందూజ్ దగ్గర ఈసా ఖేల్ గ్రామంలో గంటల తరబడి కాల్పులు జరిగి ముగ్గురు జర్మన్ సైనికులు చనిపోయారు. ఆ తరవాతి ఏళ్లలో, వేడెక్కితే ఈ రైఫిల్ గురి తప్పుతోందన్న మాట పత్రికలకెక్కింది. 2015లో వచ్చిన ప్రభుత్వ పరీక్షల నివేదిక ప్రకారం నూటికి 90 తూటాలు లక్ష్యానికి తగలాలి. పరిసరాల ఉష్ణోగ్రత 30 డిగ్రీలు మారితే తగిలినవి 30. కాల్చి కాల్చి వేడెక్కాక 7. ఇప్పుడున్న రూపంలో జీ36కు సైన్యంలో భవిష్యత్తు లేదని రక్షణ మంత్రి ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్ ఆ ఏప్రిల్‌లోనే తేల్చేశారు. అప్పటికి సైన్యం దగ్గర ఉన్నవి దాదాపు 1,67,000.

ఒక్క రిసీవర్ కూడా పగిలిందన్నది ఇక్కడ ఫిర్యాదు కాదు. నైలాన్ కుటుంబపు ప్లాస్టిక్‌లు వేడికి కరగడానికి చాలా ముందే మెత్తబడతాయి. గాలిలోని తేమను పీల్చుకుంటే ఇంకా త్వరగా. గాజు పీచు కలిపితే బిగువు వస్తుంది కానీ, అచ్చులోకి ప్లాస్టిక్ పారిన దిక్కుకే పీచు వరస కడుతుంది. అందువల్ల వేడికి ఒక దిక్కున తక్కువగా, అడ్డంగా ఎక్కువగా వ్యాకోచిస్తుంది. అల్యూమినియం కూడా ఉక్కుకు రెండింతలు వ్యాకోచిస్తుంది, కానీ అన్ని వైపులా ఒకే తీరున. పైగా రైఫిల్ మొండెం చవిచూసే వేడికి మెత్తబడదు. గొట్టం దగ్గర వెంట్రుకవాసి కదలిక చాలు, రెండు వందల మీటర్ల అవతల తూటా మనిషిని తప్పుతుంది.

న్యాయం దగ్గరికొస్తే కథ అడ్డం తిరిగింది. 2016 సెప్టెంబరులో కోబ్లెంజ్ కోర్టు, ఒప్పందంలో అడిగిన గుణాలన్నీ ఈ రైఫిళ్లలో ఉన్నాయని కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. నాకది సబబుగానే తోస్తుంది. 1990లలో కొన్నవాళ్లు అఫ్గాన్ ఎండలో గంటల కాల్పులను ఊహించి అడగలేదు.

మన దగ్గర ప్లాస్టిక్ మీద వచ్చిన ఫిర్యాదు దీనికి పూర్తిగా తలకిందులు. మన సైన్యం వాడిన ఇన్సాస్ రైఫిల్ మొండెం ఉక్కు రేకుదే. కానీ లోపలి తూటాలు కనిపించే దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు మంచుకొండల చలికి పగులుతున్నాయని సైనికులు వాపోయారు.

జర్మనీ తగువు ముదరక ముందే కొందరు పని పంచేశారు. బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీ స్కార్ రైఫిల్లో గొట్టం, గురి కూర్చునే పైభాగం అల్యూమినియం, ట్రిగ్గరు ఉండే కిందిభాగం ప్లాస్టిక్. తరవాత వచ్చిన చెక్ దేశపు బ్రెన్ 2 రైఫిల్‌ది కూడా ఇదే తీరు. అమెరికాలో పౌరులకు అమ్మే ఎం16 తరహా ఏఆర్15 రైఫిళ్ల కిందిభాగాన్ని కొందరు అల్యూమినియం కొలతలతోనే ప్లాస్టిక్‌లో పోశారు. అవి తరచుగా ఒకేచోట విరిగేవి: వెనక, బట్టును మోసే గొట్టాన్ని బిగించే ఉంగరం దగ్గర. తుపాకీ కింద పడినా, బట్టు నేలకు కొట్టుకున్నా దెబ్బంతా ఆ సన్నటి ఉంగరం మీదే. కావల్రీ ఆర్మ్స్ అనే సంస్థ కిందిభాగాన్నీ బట్టునూ కలిపి ఒకే అచ్చులో పోసింది. దాని రైఫిల్లో ఆ ఉంగరమే లేదు.